అంగిలి మీద గీత

మార్చి పదకొండో తారీకు ఉదయం పెద్దనాలుక తిన్నది పాలలో నానేసిన రెండు రొట్టె ముక్కలు, ఉప్పు వెయ్యని ఒక ఉడికించిన గుడ్డు. పాతికేళ్లుగా ఆయన పొద్దుటి తిండి అదే కాబట్టి మామూలుగా అయితే ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. కానీ ఆ రోజు ఆఫీసులో ఐదో కప్పు దగ్గర ఆయన చెంచా విసిరికొట్టి, రెండు చేతులా నోరు పట్టుకుని, "విషం! వీడు నాకు విషం పెట్టాడు!" అని కేకవేశాడు. దాంతో ఆ రొట్టె ముక్కలు కూడా పోలీసు కాగితాలకెక్కాయి.

ఆయన తేయాకు కంపెనీలో రుచి చూసే పెద్ద ఉద్యోగి. ఏ పెట్టెలో ఆకు మేలైనదో, ఏది చెమ్మ తగిలి పాడైందో ఆయన నాలుక మీద ఒక్క చెంచాడు పడితే తేలిపోవాల్సిందే. అందుకే కంపెనీలో అందరికీ ఆయన పెద్దనాలుక. ఆయన కింద పదేళ్లకు పైగా పని చేస్తున్నవాడు చిన్ననాలుక. ఆ ఉదయం నీళ్లు కాచిందీ, కప్పులు వరసగా పేర్చి ఆకు మీద నీళ్లు పోసిందీ చిన్ననాలుకే. అతని సొరుగులో ఇన్‌స్పెక్టరుకి ఒక పొట్లం దొరికింది. కెటిల్ అడుగున పేరుకునే సున్నపు పొరని కరిగించే ఆమ్లపు పొడి. ఇన్‌స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి?

కంపెనీ యజమానికి మాత్రం ఇంకొంచెం కావాలనిపించింది. మూడో రోజు మధ్యాహ్నం ఆయన ప్రైవేటు డిటెక్టివుని పిలిపించాడు.

ఆ డిటెక్టివుని అందరూ నిదానంగారనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది అతని బావమరిది, అంటే ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరే. వెక్కిరింపుగా పెట్టిన పేరే అయినా అది విని అతని భార్య పడీ పడీ నవ్వింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ నవ్వు కోసమే అతను ఆ పేరు అట్టే ఉంచుకున్నాడు.

రుచి చూసే గదిలో పొడుగాటి బల్ల, తెల్ల కప్పులు, గోడ నిండా కిటికీలు. బల్ల పక్కన నడుమెత్తు ఉమ్మితొట్టి, దాని కాళ్లకి చక్రాలు. చిన్ననాలుక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకున్నట్టు లేదు.

"కూర్చో బాబూ. ముందు నాలుక చాపు," అన్నాడు నిదానం.

"సార్?"

"నాలుకయ్యా. డాక్టరుకి చూపించినట్టు."

చిన్ననాలుక బిత్తరపోతూ చాపాడు. పసివాడి నాలుకలా గులాబీ రంగులో మెరుస్తోంది.

"ఐదో కప్పు నువ్వు కూడా చూశావా?"

"ముందు నేనే సార్. పీల్చి, ఉమ్మి, పక్క కప్పుకి జరుగుతాను. నా వెనకే ఆయన. చెంచాలు వేరు, కప్పు ఒకటే."

"నువ్వు జరిగాక, ఆయన పీల్చే ముందు, కప్పులో ఏదైనా వెయ్యొచ్చుగా?"

"ఎప్పుడు సార్? నా వీపుకి ఆయన ఊపిరి తగులుతూ ఉంటుంది. నాకు తగిలిన రుచి ఎక్కడ ఆయనకి అందకుండా పోతుందోనని అంత దగ్గరగా వస్తారు."

"ఆయనకి నీ మీద అసూయ అంటావు."

చిన్ననాలుక బల్ల చివర ఉన్న పెద్దనాలుక కుర్చీ వైపు చూశాడు. చేతులు అరిగి నున్నబడ్డ పాత చెక్క కుర్చీ. దిండు మధ్యలో గుంట.

"ఇద్దరికీ ఉంది సార్, అబద్ధం ఎందుకు. ఆ కుర్చీ నాకు కల్లోకొస్తుంది. ఒకసారి ఆయన సెలవులో ఉంటే తలుపేసుకుని కూర్చున్నాను. కూర్చుని, భయమేసి, లేచి గుడ్డతో తుడిచేశాను. అంతవరకే నా నేరం."

"మరి గొడవెందుకు పడ్డారు?"

"బూజు గురించి. రెండు మూడు వారాలుగా ఏ పెట్టె తెరిచినా 'బూజు రుచి' అంటున్నారు. మంచి సరుకంతా వెనక్కి పంపేస్తున్నారు. నాకు ఒక్కదాంట్లోనూ తగల్లేదు. అదే మాట యజమాని ఎదుట అనేశాను. ఆ రోజునించి నాతో మాటల్లేవు."

నిదానం తల ఊపాడు. గది మూలన ఇంకో చిన్న తలుపు ఉంది. "అదేంటి?"

"సరుకు గది. పొద్దున్నే మొదటి కప్పుకి ముందు పెద్దాయన అందులోకెళ్లి గడియ పెట్టుకుంటారు. దణ్ణం పెట్టుకుంటారేమో అనుకునేవాళ్లం."

ఆ గదిలో నిలబడగానే ఆకు ధూళి ముక్కులోకి ఎక్కి నిదానానికి తుమ్ములు మొదలయ్యాయి. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే పెట్టెల మధ్య సందులన్నీ వెతికాడు. దేవుడి పటం లేదు. అగరుబత్తి నుసి లేదు. గోడకీ పెట్టెకీ మధ్య బొటనవేలంత గోధుమరంగు ప్లాస్టిక్ మూత ఒకటి దొరికింది. అలాంటి మూతలు అతని ఇంట్లో ఒకప్పుడు ఉండేవి. భార్య చివరి రోజుల్లో మంచం పక్కన ఎన్నో మందులు, ఎన్నో మూతలు. అతను దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఏం బావా, దుమ్ముని కూడా విచారిస్తున్నావా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు, మీసం దువ్వుకుంటూ.

"దుమ్ము అబద్ధమాడదోయ్. అందుకని."

"చూడు బావా, ఈ కేసులో నువ్వు వేలు పెట్టొద్దు. పోయినసారి పేపర్లో నీ ఫొటో వేసి, నీ పక్కన నా భుజం మాత్రం వేశారు. మా ఆవిడ ఆ భుజాన్ని కత్తిరించి బీరువాకి అంటించింది. ఎంత పరువు తక్కువ!"

అంతలో అతని ఫోను మోగింది, భార్య నించి. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఆఁ, తిన్నానే. లేదు, ఎండలో తిరగలేదు. సరేలే, తొందరగా వస్తా." ఫోను పెట్టేసి దగ్గాడు.

నిదానం కిటికీ వైపు తిరిగాడు. ఈ బావమరిది జీపు మీద, చొక్కా మీది నక్షత్రాల మీద అతనికి ఎన్నడూ కన్ను లేదు. తిన్నావా అని అడిగే ఆ గొంతు విన్నప్పుడు మాత్రం లోపల ఏదో చురుక్కుమంటుంది. చురుక్కుమందని తనకే సిగ్గేసింది.

"పెద్దాయన నోటి ఫొటో తీయించావుగా. ఒక్కసారి చూపించు," అన్నాడు.

నాలుక మీద, బుగ్గల లోపల, విరిగిన పాలు అంటుకున్నట్టు తెల్లటి పొర. దాన్ని గీకిన చోట ఎర్రటి పుండు. కంపెనీ డాక్టరు కాలిన గాయమని రాశాడు. నిదానం ఫోనుని ఇటూ అటూ తిప్పి పై అంగిలి దగ్గర ఆగాడు. అక్కడ తెలుపు లేదు. ఎరుపు, అంతే. ఆ ఎరుపు ముందుపళ్ల వెనక మొదలై అంగిలంతా పరుచుకుని, గొంతు దగ్గరికి రాకుండానే స్కేలు పెట్టి గీసినట్టు తెగిపోయింది.

"ఇది చూడు. ఆమ్లం నోట్లో పడితే పెదవి కాలాలి, నాలుక కింద కాలాలి. అదేదీ లేదు. పైగా ఆమ్లానికి గీత గియ్యడం రాదు. ఈ గీత ఎవరు గీశారంటావ్?"

"గీతలూ గీతోపదేశాలూ కోర్టులో చెప్పుకో. సాయంత్రం పెద్దాయన చేత చివరి సంతకం పెట్టించుకుని, చీకటి పడేలోగా వీణ్ని లోపలెయ్యకపోతే నా మీసం తీసేస్తా."

"ఆ మాట వింటే మీ అక్క కత్తెర తెచ్చేది."

ఇన్‌స్పెక్టరు మొహం చటుక్కున పక్కకి తిప్పుకున్నాడు. "అక్క పేరెత్తకు బావా. డ్యూటీలో ఉన్నాను."

*

పెద్దనాలుక ఇంటి తలుపు తీసింది ఆయన భార్య. "రండి అన్నయ్యగారూ. ఆయన లోపల పడుకున్నారు. మంచినీళ్లిస్తా, ఉండండి."

నిదానం ఆమె వెనకే వంటింటి దాకా వెళ్లాడు. ఒక ఇంటి గురించి తెలియాలంటే పొయ్యి వైపు చూడాలన్నది అతని పద్ధతి. ఈ పొయ్యి ఇప్పుడే కొన్నట్టు మెరుస్తోంది. అలమరలో మిరియాలు, ఎండుమిరప, వెల్లుల్లి, దాల్చిన అన్నీ సీసాల్లో ఉన్నాయి, మూతలు గట్టిగా బిగించి. వంటింటి తలుపు అంచు చుట్టూ గుడ్డ పేలికలు మేకులతో కొట్టి ఉన్నాయి.

"చలిగాలికా అమ్మా?"

"వాసనకి. నేను వండుకున్నప్పుడు ఘాటు ఆయన దాకా పోకూడదుగా. రుచి పాడవుతుంది. ఈ తలుపేసుకుని వండుకుంటా, ఇక్కడే తినేస్తా."

ఆమె సీసాలోకి పాలు పోస్తోంది. చేతిలో గరాటు చిత్రంగా ఉంది. మందమైన పారదర్శక ప్లాస్టిక్, సగానికి కోసిన బొప్పాయి ఆకారం. మూతి మాత్రం గుండ్రంగా లేదు, పలకగా ఉంది. పాలు సన్నగా పడక అటూ ఇటూ చింది సీసా అంచున కారుతున్నాయి. ఇంత శుభ్రమైన ఇల్లాలు ఇలాంటి గరాటు ఎందుకు కొన్నదా అనుకుంటూ నిదానం నీళ్లు తాగి పడగ్గదిలోకి వెళ్లాడు.

పెద్దనాలుక గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నోటికి చెయ్యి అడ్డం.

నిదానం జేబులోంచి గోధుమరంగు మూత తీసి మంచం పక్క బల్ల మీద పెట్టాడు. పెద్దనాలుక దాన్ని చూశాడు. తరవాత దిండు కింద చెయ్యి పెట్టి, మూత లేని పంపు ఒకటి బయటికి తీశాడు. ఉబ్బసానికి నోట్లోకి కొట్టుకునే మందు.

"ఎన్నాళ్లుగా?"

"చలికాలం మొదట్నించీ. ఆ ధూళికి ఊపిరి ఆడదు. ఆయాసమని తెలిస్తే ఆ గదిలో అడుగు పెట్టనిస్తారా? పొద్దున సరుకు గదిలో ఓసారి. రాత్రి పడుకోబోయే ముందు ఓసారి."

"కొట్టుకున్నాక నోరు పుక్కిలిస్తారా?"

పెద్దనాలుక అవమానపడ్డట్టు చూశాడు. "రాత్రా? మా గురువు మొదటిరోజు చెప్పిన మాట ఒకటే. రాత్రి భోజనం అయ్యాక నాలుకని నిద్రపుచ్చాలి. తెల్లారి తిండి దాకా దానికి నీటిచుక్క తగలకూడదు. అది పాతికేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు నేను."

"ఇంకొక్కటి. మీ పై పళ్లు తీసి చూపిస్తారా?"

పాల గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన భార్య అట్టే వెనక్కి తిరిగింది.

"మీకెవరు చెప్పారు?" అన్నాడు పెద్దనాలుక.

"మీ అంగిలే చెప్పింది. మీ కట్టుడు పళ్ల పలక గాజులాంటిది అయ్యుండాలి, దాని కింది ఎరుపు ఫొటోలో పడింది, పలక ఎంతవరకు ఉందో అంతవరకే. రాత్రి కూడా తీసిపెట్టరు కదూ?"

"ఎలా తియ్యను? అంగిలి మీద ప్లాస్టిక్ పలక వేసుకుని రుచి చెప్పేవాణ్నని తెలిస్తే ఆ చిన్ననాలుక నవ్వడూ? రాత్రి ఇల్లు తగలబడి బయటికి పరిగెత్తినా ఈ పళ్లతోనే పరిగెత్తాలని పెట్టుకున్నాను."

పంపు డబ్బా మీద డాక్టరు చీటీ అంటించి ఉంది. నిదానం స్పీకరు పెట్టి, దాని మీది నంబరుకి ఫోను చేశాడు. అవతల ఛాతీ డాక్టరమ్మ. అంతా విని ఆమె ఒక నిట్టూర్పు విడిచింది.

"అది విషమూ కాదు, కాలిన గాయమూ కాదండీ. నోట్లో బూజు పట్టింది. అందరి నోట్లోనూ అది కొంచెం ఉంటుంది, అణిగి పడుంటుంది. సందు దొరికితే లేస్తుంది. పసిపిల్లలకి లేస్తుంది, షుగరున్నవాళ్లకి లేస్తుంది, పొగ తాగేవాళ్లకీ, పెద్ద జబ్బుతో ఒంట్లో బలం తగ్గినవాళ్లకీ లేస్తుంది. ఈయన విషయంలో సందులు ఒకటా రెండా! పంపు మందు రాత్రంతా నాలుక మీదే ఉంది. పళ్ల సెట్టు తియ్యలేదు. నోరు ఎండబెట్టుకున్నారు. పోయిన నెల దగ్గుకి నేనే యాంటీబయాటిక్ రాశాను. అన్నీ కలిసొచ్చాయి. చుక్కల మందు పంపిస్తాను, తగ్గిపోతుంది. షుగరు కూడా ఓసారి చూపించమనండి."

"పుక్కిలించమని మీరు చెప్పలేదా అమ్మా?"

"ఎందుకు చెప్పలేదు! పుక్కిలించి ఉమ్మెయ్యమన్నాను. మందు నాలుక మీద పడకుండా గొట్టం కూడా ఇచ్చాను. రెండు డొప్పలు కలిపితే బొప్పాయంత అవుతుంది. ఒక చివర పంపు దూరడానికి పలకగా రంధ్రం ఉంటుంది. ఈయన ఎవరైనా చూస్తారేమోనని మొహం దాచుకుని ముందే బయటికెళ్లిపోయారు. అన్నీ ఆయన భార్యకే అప్పజెప్పాను."

నిదానం ఫోను మెల్లిగా కింద పెట్టాడు. వంటింట్లో పాలు పడుతున్న చప్పుడు ఆగిపోయింది.

"విన్నారుగా," అన్నాడు పెద్దనాలుకతో. "మీకు బూజు రుచి తగిలిన మాట నిజమే. ఉన్నది పెట్టెల్లో కాదు, అంతే. ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. ఆ కుర్రాడు ఇప్పటికే జీపులో కూర్చుని ఉంటాడు."

"తీసుకోను."

"వాడు విషం పెట్టలేదని మీకు తెలుసు."

"ఆ రోజు మంట పుట్టినప్పుడు మొదటి క్షణం నిజంగానే నమ్మాను. రెండో క్షణం నించి, నమ్మితే బాగుండుననుకున్నాను." ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "వెనక్కి తీసుకుంటే కారణం చెప్పాలి. పంపు చెప్పాలి, పళ్లు చెప్పాలి. మర్నాడే వాడు నా కుర్చీలో. వాడికి వయసుంది, పళ్లున్నాయి, నా కంటే ముందే తగిలే నాలుక ఉంది. ఆ కుర్చీ కూడా కావాలా? వాడు అందులో కూర్చోవడం కంటే లోపల కూర్చోవడమే నాకిష్టం!"

బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు వరండా ఎక్కింది. "పెద్దాయనా, ఒక్క సంతకం!" అంటూ ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. అతని వెనక కానిస్టేబుల్ పక్కన చిన్ననాలుక.

సరిగ్గా అప్పుడే ఇల్లాలు గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో నీళ్ల గ్లాసు. రెండో చేతిలో పారదర్శక ప్లాస్టిక్ డొప్పలు రెండు, కడిగినవి, ఇంకా తడి కారుతున్నవి.

"ఆ అబ్బాయిని వదిలెయ్యండి," అంది. "చేసింది నేను."

కాగితం చాపబోయిన ఇన్‌స్పెక్టరు అక్కడే ఆగిపోయాడు.

"డాక్టరమ్మ చెప్పింది నాకు. నేను ఈయనకి చెప్పలేదు. గొట్టం ఇచ్చింది. ఒక ముక్క గరాటు చేసుకున్నా, రెండోది అటక మీద పడేశా."

"ఎందుకే?" అన్నాడు పెద్దనాలుక. కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలియక అడిగాడు.

"ఎందుకా? పాతికేళ్లుగా నాకు సవతి అది, మీ నోట్లో ఉన్నది. దానికి ఉప్పు పడదు, వెల్లుల్లి పడదు. నేను తిన్నది దానికి వాసనొస్తుందని మీరు అటు తిరిగి పడుకుంటారు. దాన్ని రాత్రిపూట నిద్రపుచ్చుతారు, పొద్దున్నే లేపుతారు. నన్నెప్పుడన్నా అలా అడిగారా, నిద్రపట్టిందా అని?" ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. "అది కాస్త మొద్దుబారితే నేను వండింది ఒక్కపూటైనా తిని, బాగుందంటారనుకున్నా. విషమని అరుస్తారనుకోలేదు. ఈ పిల్లాడి మెడకి చుట్టుకుంటుందనుకోలేదు. మూడు రోజులుగా చెబుదామనుకుంటూనే ఉన్నాను, నోరు పెగల్లేదు."

ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని బావ మొహంలోకి చూశాడు. "బావా, ఇప్పుడు ఎవర్ని తీసుకెళ్లను? ఫిర్యాదంటూ ఉన్నాక ఎవరో ఒకర్ని తీసుకెళ్లాలి."

నిదానం పెద్దనాలుక వైపు చూశాడు. చెప్పాల్సింది ఇక తను కాదు.

పెద్దనాలుక లేచి కూర్చున్నాడు. కాగితం తీసుకుని అడ్డంగా చింపాడు. తరవాత, అంతమంది ఎదుట, నోట్లో రెండు వేళ్లు పెట్టి కట్టుడు పళ్లు ఊడబెరికి బల్ల మీద పెట్టాడు. మొహం ఒక్కసారిగా లోపలికి కుంగి, పదేళ్లు మీదపడ్డట్టయింది.

"ఫిర్యాదు లేదు," అన్నాడు, మాట జారిపోతుండగా. "నా పళ్లు, నా పంపు, నా బూజు. మా ఆవిడకి ఏమీ తెలీదు. అలాగే రాసుకో."

"ఆవిడ ఇప్పుడేగా చెప్పింది..."

"నీకు వినపడలేదు," అన్నాడు నిదానం.

ఇన్‌స్పెక్టరు మీసం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించాడు. "ఈ జీపు హారను మోతకి నా చెవులు పోయాయి బావా," అని చిన్ననాలుక భుజం మీంచి కానిస్టేబుల్ చెయ్యి తీయించాడు.

చిన్ననాలుక ఆ బోసినోటి వైపు చూడలేక నేల చూశాడు. నవ్వలేదు.

"రేపు మొదటి కప్పు నువ్వు చూడు," అన్నాడు పెద్దనాలుక. "కూర్చునే చూడు. ఈసారి తుడవకు. అంత శుభ్రంగా నేనెప్పుడూ ఉంచను. ఆ రోజే తెలిసింది నాకు."

*

బయటికొచ్చేసరికి చీకటి పడుతోంది. చిన్ననాలుక అప్పటికే వీధి మలుపు తిరిగిపోయాడు. జీపు దగ్గర ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంటికి రా బావా. నీకూ కలిపి వండానని మా ఆవిడ ఇందాకే ఫోను చేసింది. మీసం మాట మాత్రం దాని దగ్గర ఎత్తకు."

నిదానం చూపు ఇంకా ఆ ఇంటి గుమ్మం మీదే ఉంది. లోపల దీపం వెలుగులో ఆమె రెండు డొప్పలూ కలిపి బిగించి, గొట్టం చివర పంపు దూర్చి ఆయన నోటికి అందించింది. తరవాత నీళ్ల గ్లాసు. పళ్లు లేని నోటితో పెద్దనాలుక చేతకాని పిల్లాడిలా పుక్కిలించాడు. సగం నీళ్లు చొక్కా మీదే పడ్డాయి. ఆమె కొంగుతో తుడిచింది. ఆయన ఏదో అడిగాడు, నిద్రపట్టిందా అనేమో. ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆ మీదట అవునన్నట్టు నిలువుగా ఊపింది.

తను పట్టుకున్న దొంగల్లో, హంతకుల్లో ఎవరి మీదా నిదానానికి ఇంత అసూయ పుట్టలేదు.

గుమ్మం దగ్గరికొచ్చిన ఆమె వీధిలో వాళ్లని చూసింది. ఏమీ అనలేదు. వంటింటి తలుపు బార్లా తెరిచే ఉంచి, వీధి తలుపు మాత్రం చప్పుడు కాకుండా దగ్గరికి వేసుకుంది.